అవునండీ, మా అక్క చేతిదే

మా అక్క సారె వంటలు చేస్తుంది. ఆడపిల్ల అత్తారింటికి వెళ్లేటప్పుడు పుట్టింటివాళ్లు వెంట పంపే మిఠాయిలు: అరిసెలు, లడ్లు, పోకుండలు, కాజాలు, జంతికలు. అవి వచ్చిన ఇంటివాళ్లు వీధంతా పంచుతారు. తిన్న వీధి ఆ పిల్ల పుట్టింటి గురించి ఒక అభిప్రాయానికి వస్తుంది. ఇదివరకు ఇవన్నీ ఇంట్లోనే నలుగురు ఆడవాళ్లు కూర్చుని చేసుకునేవారు. ఇప్పుడు ఆ నలుగురికీ ఉద్యోగాలైనా ఉన్నాయి, నడుం నొప్పులైనా ఉన్నాయి. అందుకని పెళ్లిళ్ల రోజుల్లో మా అక్క వసారాలో పొయ్యి ఆరదు. నర్సీపట్నంలో మా వీధి ఎక్కడని ఎవరైనా అడిగితే, బెల్లం పాకం వాసన పట్టుకుని వచ్చెయ్యమంటాం.

నేను పక్క వాటాలో ఉంటాను. ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్పేదాన్ని. ఆ స్కూలు మూతపడ్డాక నాకు చెప్పడానికి పిల్లలు లేకుండా పోయారు, చెప్పే అలవాటు మాత్రం పోలేదు. కూరగాయల అతనికి తూకం గురించి, మా ఆయనకి ఆరోగ్యం గురించి, అక్కకి వ్యాపారం గురించి సలహాలు చెప్పడం మొదలుపెట్టాను. అలా చెప్పిన సలహాల్లో ఒకటి బ్లాగు.

"బ్లాగంటే ఏటే?" అంది అక్క, అరిసెల పిండి కలుపుతూ.

"మన వంటల గురించి ఇంటర్నెట్లో రాయడం. ఫోటోలు పెట్టడం. వైజాగ్ వాళ్లు, హైదరాబాద్‌లో ఉన్న మన వైపు వాళ్లు చూసి ఆర్డర్లిస్తారు."

"అరిసి తిని బాగుందంటే ఇంకోటి కొంటారు గాని, సదివి కొంటారేటే ఎవులైనా?"

"కొంటారు. నువ్వు చూడు."

"నీకు పిల్లకాయలు దొరక్క లోకానికి పాఠం సెప్తానంటన్నావు. సరే, సెప్పుకో. నా పొయ్యికి అడ్డం రాకు."

వీడియోలు చూసి నేర్చుకున్నాను. ఉచితంగా దొరికే చోట ఖాతా తెరిచాను, రంగులు ఎంచుకున్నాను, అక్షరాలు డబ్బాలు డబ్బాలుగా కనపడుతుంటే వేరే ఫాంటు వెతికాను. పాస్‌వర్డ్ మర్చిపోయి ఒకసారి, అది రాసుకున్న కాగితం మర్చిపోయి ఇంకోసారి మొదటికొచ్చాను. మొదటి పోస్టు బెల్లం రకాల మీద పెద్ద వ్యాసం. ఉపోద్ఘాతం, ఉపసంహారం కూడా ఉన్నాయి దానికి. ఎంతమంది చదివారో చూపించే అంకె పెరుగుతుంటే పొంగిపోయి అక్కకి చూపించాను. నేను తెరిచి చూసుకున్నప్పుడల్లా అది పెరుగుతోందని తర్వాత తెలిసింది. ఆ సంగతి అక్కకి చెప్పలేదు.

కొన్నాళ్లకి నాకొకటి అర్థమయింది. బెల్లం గురించి ఎవరికీ పట్టదు, మనుషుల గురించి పడుతుంది. వంట ఎలా చేయాలో రాయడం మానేసి, ఆ వంట కోసం వచ్చినవాళ్ల గురించి రాయడం మొదలుపెట్టాను. కూతురి సారెలో జీడిపప్పు కాజాలు ఉండి తీరాలని పట్టుబట్టిన తండ్రి గురించి రాశాను. సొంత పెళ్లి సారె రుచి చూడ్డానికి తానే వచ్చి, రుచి చూస్తూ చూస్తూ పావు కిలో తినేసిన పెళ్లికూతురి గురించి రాశాను. ఎవరి పేరూ రాయలేదు, ఊరు రాయలేదు. పేరు రాయకపోతే ఎవరి గురించి ఏమైనా రాయొచ్చని నాకో గట్టి నమ్మకం. ఇప్పుడు కూడా పేర్లు లేకుండానే రాస్తున్నాను. అది నన్ను కాపాడుతుందని ఈసారి అనుకోవడం లేదు.

ఆ కబుర్లు జనానికి పట్టాయి. ఎక్కడెక్కడివాళ్లో ఫోన్లు చేశారు. "మీ బ్లాగులో చదివామండీ" అని ఒకావిడ అక్కతో అన్న రోజు అక్క నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. ఆ తర్వాత అక్కే నన్ను పిలిచేది. "ఏటే, ఎక్కడున్నావు? బేగి రా, ఫోటో తీసుకో, సల్లారిపోతే నిగనిగ పోద్ది." పేనుకు పెత్తనమిస్తే తలంతా కొరికిందని మా అమ్మ అంటుండేది. నాకా సామెత అప్పట్లో గుర్తు రాలేదు.

గొలుగొండ దాటి లోపలికి వెళ్తే ఒక పల్లె. అక్కడి నుంచి ఒకావిడ వచ్చింది, కూతురి పెళ్లికి ముందు వారంలో. నా కన్నా కొంచెం పెద్దది, అక్క ఈడు ఉంటుంది. స్టీలు గిన్నె ఒకటి ఎడమ చంకలో పెట్టుకుని, కుడి చెయ్యి పమిట కింద దాచుకుని ఆటో దిగింది. చలిమిడి కావాలంది.

చలిమిడి సంగతి చెప్పాలి. సారెలో మిగతావన్నీ ఎక్కడ కొన్నా ఎవరూ ఏమీ అనరు. చలిమిడి మాత్రం తల్లి చేతిదే అయుండాలంటారు మా వైపు. నానిన బియ్యం దంచి, ఆ తడి పిండిని బెల్లం పాకంలో పోసి, గట్టిపడేదాకా తెడ్డుతో తిప్పుతూనే ఉండాలి. కూతురి కడుపు చల్లగా ఉండాలని తల్లి చేసి ఒడిలో పెడుతుంది. తల్లి లేనివాళ్లకి పిన్నో పెద్దమ్మో చేస్తారు. తల్లి ఉండి కొనడమనేది పైకి చెప్పుకునే పని కాదు. అయినా మా అక్క దగ్గరికి చలిమిడి కోసం వస్తారు. ఎవరి గిన్నె వాళ్లు తెచ్చుకుంటారు. మా ప్లాస్టిక్ డబ్బాలో వెళ్తే తెలిసిపోతుంది కదా.

ఆవిడ అరుగు మీద కూర్చుని, గొంతు తగ్గించి అక్కకి చెప్పింది.

"పాకం తిప్పలేకపోతన్నానమ్మా. ఎండల్లో పచ్చవాతం గాలి సోకి పోయింది. మాట బాగానే ఉంది, కాలు బాగానే ఉంది. ఈ సెయ్యే పట్టు దొరకట్లేదు, వొణుకుతాది. ఇయ్యాలోరికి తెలీదు. తెలిస్తే రేపు పురిటికి పిల్లని నా దగ్గరికి పంపరు. సేతకాని తల్లి దగ్గరికి ఎవులు పంపుతారు సెప్పు? నాకది ఒక్కతే కూతురు. దాని పురుడు నా ఇంట్లో అవ్వాలి. ఈ సలిమిడి నాను సేసినట్టే ఉండాలమ్మా."

"నాకు సెప్పావు, అయిపోయింది," అంది అక్క. "ఈ గడప దాటదు."

ఆ గడప మీద నేను నిలబడి ఉన్నాను. అంతా విన్నాను. నన్ను చూసి కూడా అక్క వేరే జాగ్రత్త చెప్పలేదు. సొంత చెల్లెలికి అంత చెప్పాలా అనుకుని ఉంటుంది.

చలిమిడి ఆరోజు అద్భుతంగా కుదిరింది. కొబ్బరి ముక్కలు, గసగసాలు, పైన నెయ్యి మెరుపు. కిటికీ దగ్గర పెట్టి ఫోటో తీశాను. ఆవిడ చేతి గురించి రాయలేదు, పురుడు గురించి రాయలేదు. గిన్నె గురించి రాశాను. ఒక తల్లి తన గిన్నె తానే తెచ్చుకుందని, ఇంటి గిన్నెలో వెళ్తేనే ఇంటి ప్రేమ వెళ్లినట్టని, ఇంకా ఏవో రాశాను. చదువుకుంటే నాకే కళ్లు చెమర్చాయి. దాన్ని దాటిన పోస్టు నా బ్లాగులో మళ్లీ లేదు.

మనం స్టీలు గిన్నె కొంటే కొట్లోనే ఇంటాయన పేరు, ఊరు చుక్కలు చుక్కలుగా చెక్కించుకుంటాం. లేకపోతే పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఎవరి గిన్నె ఎవరింటికి పోతుందో తెలియదు. నా వంటింట్లో అలాంటివి అరడజను ఉన్నాయి. అయినా ఆ ఫోటోలో గిన్నె అంచు మీద నాకేమీ కనపడలేదు. నేను నెయ్యి మెరుపు చూస్తున్నాను.

నెలలు గడిచాయి. పేపరైతే ఆ సాయంత్రానికి పొట్లమైపోతుంది. బ్లాగు అలా కాదు. ఎప్పుడో రాసింది కూడా, వెతికినవాళ్లకి ఆరోజు రాసినట్టే ఎదురొస్తుంది. అదే దాని గొప్పతనమని అక్కకి నేను చాలాసార్లు చెప్పాను. ఒక ఉదయం ఆ చలిమిడి పోస్టు కింద ఒక కామెంటు కనపడింది. రాసింది ఆ గిన్నె తెచ్చినావిడ కూతురి ఆడపడుచు. శ్రీమంతానికి మిఠాయిలు ఎక్కడ దొరుకుతాయా అని వెతుకుతుంటే నా పోస్టు తగిలిందట.

"గిన్నె మీద పేరు మా వదిన వాళ్ల నాన్నగారిదిలా ఉందండీ. మా ఇంటికొచ్చిన సారెలో చలిమిడి మీరు చేసిందేనా? చాలా బాగుంది, మా వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు."

కామెంట్లకి వెంటనే జవాబివ్వాలి, అప్పుడే చదివేవాళ్లు నిలుస్తారని నేర్చుకున్నాను. టీ గ్లాసు ఒక చేతిలో, ఫోను ఒక చేతిలో. రాశాను. "అవునండీ, మా అక్క చేతిదే. మీకు నచ్చినందుకు చాలా సంతోషం. మీ ఇంటి శుభకార్యాలకు తప్పక సంప్రదించండి." చివర రెండు చేతులు జోడించిన బొమ్మ.

మర్చిపోయానని చెప్పుకుంటే సుఖంగా ఉంటుంది. అక్కకి అలాగే చెప్పాను, మా ఆయనకి కూడా అలాగే చెప్పాను. నిజానికి మర్చిపోలేదు. జవాబు రాస్తున్నంతసేపూ ఆవిడ అరుగు మీద కూర్చున్న తీరు మనసులో ఒక మూల ఉంది. కానీ వీధంతా చెప్పుకుంటోందట. ఆ మెప్పు మాదని చెప్పుకోవాలని నా నోరు ఊరుకోలేదు. మా అక్క చేతిదే అని రాసినా, దాని వెనకాల నా బ్లాగు ఉందని, దాన్ని నేను నడుపుతున్నానని ఆ ఉబ్బు. పెదవి దాటితే పృథివి దాటుతుందని ఎంతమంది పిల్లల చేత వల్లె వేయించానో.

తర్వాత ఆవిడ కూతురే ఫోన్ చేసింది. బ్లాగులో ఆర్డర్ల కోసం ఇచ్చిన నంబరుకి. నేనే ఎత్తాను. ఏడవలేదు, అరవలేదు, చదువుకున్న పిల్ల, నెమ్మదిగా చెప్పింది.

"మా అత్తయ్యగారు నన్నేమీ అనలేదండి. మీరు రాసిన ముక్క అందరూ ఫోన్లలో సూసుకున్నారు, అంతే. సలిమిడి తిప్పే ఓపిక లేనావిడ పురుడేటి పోస్తాది, ఇక్కడే ఉంచేద్దాం అంటన్నారు. అమ్మకి బద్ధకం అనుకుంటన్నారు. సెయ్యి సంగతి తెలిస్తే బద్ధకం అనుకోరు గాని, అప్పుడైతే అసలే పంపరు. ఏటి సెప్పాలో తెలీక ఊరుకున్నానండి. నాకు ఆరో నెల."

తప్పయిపోయిందమ్మా అన్నాను. ఆ ముక్క తీసెయ్యండి అంది. తీసేశాను. కామెంటు తీశాను, నా జవాబు తీశాను, ఫోటో తీశాను, మొత్తం పోస్టే తీశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం. వాళ్లింట్లోవాళ్ల ఫోన్లలో అది భద్రంగానే ఉంది.

అక్కకి చెప్పినప్పుడు పాకం చూస్తోంది. నీళ్లలో వేసిన పాకం చుక్కని వేళ్లతో ఉండ చేస్తూ అలాగే ఉండిపోయింది. పొయ్యి మీద పాకం ముదిరిపోయింది. మా అక్క పాకం ముదరబెట్టడం నేను ఎప్పుడూ చూడలేదు.

"గడప దాటదని నాను మాటిచ్చాను," అంది చివరికి. "నువ్వు గడపకి ఇవతలే ఉన్నావనుకున్నాను."

దిద్దుకుందామని నాకు చాలా ఆలోచనలొచ్చాయి. అది వేరే గిన్నె, నేను పొరబడ్డానని ఇంకో పోస్టు రాస్తానన్నాను. అక్క గిన్నె దించి పక్కన పెట్టింది. వాళ్ల అత్తగారికి ఫోన్ చేసి, చెయ్యి బాగోలేదని ఉన్నదున్నట్టు చెప్పి, పెద్దమనసు చేసుకోమని అడుగుతానన్నాను. నేను చెప్తే వింటారని కూడా అన్నాను.

"ఆ సెయ్యి నీదేటి, నువ్వు సెప్పడానికి?" అంది అక్క. "నువ్వు సెప్పడం మానవా?"

అంతకు ముందు ఎన్నడూ నన్ను ఆ గొంతుతో అనలేదు. పడ్డాను. నాకు రావలసిన మాటే.

ఏడో నెల వచ్చింది. శ్రీమంతానికి పుట్టింటి చలిమిడి మళ్లీ వెళ్లాలి. అక్కా నేనూ కృష్ణదేవిపేట వైపు వెళ్లే షేర్ ఆటో ఎక్కాం. దారి పొడుగునా ఏమని మొదలుపెట్టాలా అని వాక్యాలు కూర్చుకున్నాను. పక్కన కూర్చున్నాయన చెరకు గురించి ఏదో అడిగితే వినపడనట్టు ఊరుకున్నాను. ఆటో దిగి పొలం గట్టున నడుస్తుంటే అక్క ఒక్కటే అంది, "ఆయమ్మ ఏటన్నా మనం పడాలి."

ఆవిడ పెరట్లో పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చుని ఉంది. పిండి దంచి, జల్లించి, పళ్లెంలో తడిగుడ్డ కప్పి ఉంచింది. పక్కన తొట్లో రాయిలా బిగిసిపోయిన చలిమిడి పెద్ద ముద్దలు ఉన్నాయి. ముందు చేసినవి కుదరలేదని చూస్తేనే తెలుస్తోంది. గేదె వాటిని నాకి వదిలేసింది. మమ్మల్ని చూసి లేవబోయి, మళ్లీ కూర్చుని, "రండమ్మా, నీడలోకి రండి. పాకం ఎక్కుతంది, లేవలేను," అంది.

నేను కూర్చుకున్న వాక్యాలేవీ రాలేదు. "నా వల్లే జరిగిందండీ. క్షమించండి," అన్నాను.

"నువ్వు అబద్ధం రాయలేదు కదమ్మా," అంది ఆవిడ. ఎగతాళి లేదు అందులో, కోపం కూడా లేదు. "మీ అక్క సేతిదే కదా అది. నాదని నానే సెప్పుకున్నాను."

తిడుతుందని సిద్ధపడి వెళ్లినదాన్ని. తిట్టి ఉంటే కొంత బరువు దిగేది.

పాకం వచ్చింది. ఆవిడ పిండి పోస్తూ తెడ్డు పట్టుకుంది. కుడి చెయ్యి తెడ్డు మీద, ఎడమ చెయ్యి ఆ కుడి మణికట్టు మీద. రెండు చేతులతో కలిపి ఒక తిప్పు తిప్పేసరికి తెడ్డు పక్కకి జారింది. పిండి ఒకవైపు ఉండ కడుతోంది. అక్క చెయ్యి దానంతటదే ముందుకెళ్లింది. పొయ్యి మీద ఏదైనా ఉండ కడుతుంటే చూస్తూ కూర్చోవడం మా అక్కకి చేతకాదు.

"వొద్దమ్మా," అంది ఆవిడ, గిన్నె మీంచి తల ఎత్తకుండా. "నువ్వు ముట్టుకుంటే మళ్లీ నీదయిపోద్ది."

అక్క చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. ఆవిడ ముఖమంతా చెమట. తుడుచుకోవడానికి ఇంకో చెయ్యి ఖాళీ లేదు. తుడవొచ్చో లేదో, అది కూడా ముట్టుకోవడం కిందికి వస్తుందేమోనని నేను కదల్లేదు.

కాసేపటికి ఆవిడే పిలిచింది.

"అమ్మా, నీ ఫోన్ తెచ్చావా?"

తెచ్చానన్నాను.

"ఇది వీడియో తియ్యి. నీ దాంట్లో పెట్టు. ఆళ్లు నీది సూస్తారు కదా. నాను సెప్తే నమ్మరు, నువ్వు రాస్తే నమ్ముతారు. మా కోడలి తల్లే సేసింది అని ఆళ్ల కళ్లతో సూస్తే, పిల్లని పంపుతారు."

బ్లాగు తెరవకూడదని అప్పటికే ఒట్టు పెట్టుకుని ఉన్నాను. నా ఒట్టుతో ఆవిడకేం పని? అక్క వైపు చూశాను. అక్క తల దించుకుంది. ఫోను తీసి, పొయ్యికి ఎదురుగా గొంతుక్కూర్చున్నాను. ఆవిడ పమిట సరిచేసుకుంది. నుదుటి మీది జుట్టు భుజంతో వెనక్కి తోసుకుంది. తెడ్డు మళ్లీ పట్టుకుని, నా వైపు చూసి, నెమ్మదిగా అంది.

"సెయ్యి కనపడాలమ్మా, లేకపోతే నానే సేసినట్టు ఎలా తెలుస్తాది? వొణుకు మట్టుకు కనపడకుండా తియ్యి."

అలాగేనండీ అన్నాను. కొంచెం పక్కకి జరిగాను. పొగకి అటు వెళ్లాను. దగ్గరికి పెట్టి చూశాను, దూరం పెట్టి చూశాను. ఆవిడ పళ్లు బిగించి తిప్పుతోంది, మధ్య మధ్య ఫోను వైపు చూసి నవ్వుముఖం పెడుతోంది.

"కనపడతందేటమ్మా?" అని అడిగింది.

"లేదండీ," అన్నాను. ఫోన్లో నాకు ఆ వణుకు తప్ప ఇంకేమీ కనపడటం లేదు.